చివరి నాలుగు చెంబులు

చర్మం డాక్టరమ్మ నా జుట్టును పాయలు పాయలుగా విడదీసి, ఏదో చిన్న లైటు గొట్టం ఆనించి, నా మాడును కంప్యూటర్ తెరమీద నాకే చూపించింది. అరవై దాటిన ఆడమనిషి తన మాడును అంత పెద్దది చేసి చూసుకోకూడదు. ఎండిపోయిన చెరువు అడుగులాగా ఉంది.

"డాండ్రఫ్ లేదు ఆంటీ. పేలు లేవు. ఇన్‌ఫెక్షన్ కూడా లేదు," అంది.

"మరి రాత్రీ పగలూ ఈ దురదేమిటమ్మా?"

"అదే కనుక్కుందాం. ఏం డై వేస్తారు?"

చెప్పాను. ఎన్నాళ్ళకోసారి అంది. నెలకోసారి అన్నాను. పక్కన కూర్చున్న మా అమ్మాయి ఊరుకోవచ్చు కదా, "పదిహేను రోజులకే వేస్తుంది డాక్టర్," అని దూరింది. ఆ తర్వాత వేణ్ణీళ్ళా చన్నీళ్ళా, బోరు నీళ్ళా ట్యాంకర్ నీళ్ళా, దువ్వెన పళ్ళతో గోక్కునే అలవాటుందా అని అడిగి, అన్నీ రాసుకుంది. మహదేవపురలో మా అపార్ట్‌మెంటుకు వచ్చే ట్యాంకర్ నీళ్ళకు బకెట్లకే తెల్లగా ఉప్పు కడుతుంది, ఇంక నా మాడెంత. డై ఆపమంది. నీళ్ళు గోరువెచ్చగా పోసుకోమంది. అంతవరకూ బాగానే ఉంది. లేవబోతుంటే ఇంకో మాట అంది.

"షాంపూ తర్వాత తల బాగా కడుక్కుంటున్నారా? చాలామంది తప్పు చేసేది అక్కడే. నురగ పోయిందంటే అయిపోయిందనుకుంటారు. మాడుమీద మిగిలిపోయి, ఆరాక అదే దురద పెడుతుంది."

నేను తల దించుకున్నాను. ఆ సంగతి నాకు తొమ్మిదో ఏటే తెలుసు. ఏ డాక్టరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. కనిపెట్టి ఒక మనిషి తలమీద ఆరు వారాలు ప్రయోగం కూడా చేశాను.

ఆ మనిషి మా వదిన. అన్న పెళ్ళాం కాదు, మా మేనత్త కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద. డాక్టరు అడగలేదు కాబట్టి చెప్పలేదు గానీ, నేను డై వేసుకునేది కూడా ఆమె వల్లనే. ఆమె వేసుకోదు. పోయిన నెల హొసకోటెలో ఒక పెళ్ళికి తెల్లటి జడలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. పెళ్ళిలోని ఆడపిల్లలందరూ "అమ్మమ్మా, ఎంత బాగున్నారో" అని ఆమె పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. నేను ముందురోజే కాకి నలుపు పట్టించుకుని పోయాను. మీ ఇద్దరిలో పెద్దెవరు అని అడిగిన ఒకామె, అడుగుతూ నన్నే చూసింది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని ఊరికే అన్నారా!

నాకు ఆమె జుట్టుమీద ఓర్వలేనితనం ఇప్పటిది కాదు.

మా ఇల్లు అప్పట్లో పేట సందులో ఉండేది. ఎదురుగా ఇద్దరు మనుషులు వస్తే ఒకరు పక్కకు ఒదిగి దారి ఇవ్వాలి, అంత సందు. సందు పొడుగునా మగ్గాల చప్పుడు. మా ఇంట్లో రెండు మగ్గాలు, నాయన నేసేది పట్టుచీరలు. ఇంటికి ఒక వాసన ఉండేది: తడిసిన పట్టు వాసన, దాంట్లో కాఫీ పొడి వాసన, వంటింటి గోడకు పట్టిన ఆముదం వాసన. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళేమో తెలియదు, నాకు మాత్రం ఆ వాసన వస్తే ఇల్లు వచ్చినట్టు.

అవ్వ, అంటే నాయన తల్లి, నడవలో రాట్నం ముందు కూర్చుని పట్టు చుట్టేది. ఆమె కళ్ళకు పొర వచ్చింది. మనిషి నీడ తెలుస్తుంది, మొహం తెలియదు. అయినా పట్టు పోగును రెండు వేళ్ళ మధ్య అలా రాసి, "ఇది నిన్నటి కట్టలోది కాదు అప్పా. వేరేది," అనేది. కళ్ళున్న మా నాయన కట్ట విప్పి చూసేవాడు. వేరేదే. సందులో వేరే మగ్గాలవాళ్ళు కూడా ఎప్పుడైనా అనుమానమొస్తే పోగు పట్టుకుని అవ్వ వేళ్ళ దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ వేళ్ళు శుక్రవారం నావి. పొద్దున్నే ఇనుప గరిటెలో ఆముదం వెచ్చచేసి, అరచేతిలో పోసుకుని నా నడినెత్తిమీద టపటపా తట్టేది. తర్వాత నీళ్ళ గదిలో పీటమీద కూర్చోబెట్టి, గంజిలో కలిపిన సీగెకాయ పొడి పట్టించి రుద్దేది. గోరు తగలనిచ్చేది కాదు, అంతా వేళ్ళ కొసలే. చెవుల వెనక, మెడ గుంతలో, నుదురు పైన ఎక్కడెక్కడ నిద్ర దాగి ఉంటుందో అక్కడంతా ఆమె వేళ్ళకు తెలుసు. ఆ పైన సాంబ్రాణి పొగ, మిరియాల చారు అన్నం, నడవలో చాపమీద నిద్ర. వారమంతా అమ్మ చేత తిన్న తిట్లను మరిచిపోవడానికి ఆ ఒక్క పూటా సరిపోయేది.

ఉగాది వెళ్ళిన తర్వాత మా వదిన వచ్చింది.

మేనత్త పోయి అప్పటికి మూడు నెలలు. ఆమె జబ్బు సంగతి పెద్దవాళ్ళు మా ముందర మాట్లాడేవాళ్ళు కాదు. ఆనేకల్ నుంచి మామ ఒక ట్రంకు పెట్టెనూ కూతురినీ తీసుకొచ్చి, సంవత్సరికం అయ్యేదాకా పిల్ల మీ దగ్గర ఉండనీ అని దించి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అవ్వ ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. మొహం తడిమింది. తర్వాత జడ చేతికి తగిలింది. నడుము దాటిన జడ. అవ్వ వేళ్ళు ఆ జడను పై నుంచి కింది దాకా, మళ్ళీ కింది నుంచి పైకి తడుముతూ పోయాయి.

"దీని అమ్మదే అప్పా," అంది. "అచ్చం దాని పోగే. నా బిడ్డ యాడికీ పోలేదు, ఈడనే ఉండాది."

నాయన మగ్గం మీద నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ ఏడ్చారు, వదిన కూడా. నేను ఏడవలేదు. నా జడ భుజం కూడా దాటదు. దాన్ని వెనక్కి తోసుకుని నిలబడ్డాను.

ఆ శుక్రవారం అవ్వ అమ్మతో అంది: "దీని తల నువ్వు చూసుకోమ్మీ. నాకు ఇద్దరికీ చేసే శక్తి లేదు."

'దీని' అంటే నేను. అమ్మ చూసుకునేది ఎలాగంటే, ఒంటి సబ్బుతో రెండు రుద్దులు, నాలుగు చెంబులు, "లే, ఇంక చాలు, పొయ్యిమీద పప్పుంది." నా కళ్ళు మండుతుంటే నీళ్ళ గదిలోకి అవ్వ వదిన చెయ్యి పట్టుకుని రావడం చూశాను. నా పీట, నా ఆముదం గరిటె, నా అవ్వ. నాకు మిగిలింది నీళ్ళు పోసే పని. అవ్వకు నడుము నొప్పి, వంగి వేణ్ణీళ్ళ హండాలో చెంబు ముంచలేదు.

"పది చెంబులు పొయ్యాల," అని నేర్పించింది నాకు. "మొదటి ఆరూ సీగెకాయిని తీసుకోని పోతాయి. ఆఖరి నాలుగూ మాడుకి. వేళ్ళతో పాయ తీసి, నెమ్మదిగా, మాడు మీద పొయ్యాల. తెలిసిందా?"

తెలిసింది. రెండు వారాలు బుద్ధిగా పోశాను. నేను పుట్టుకతో చెడ్డదాన్నేం కాదు.

మూడో వారం మొగ్గ జడ వచ్చి పడింది. ఎండాకాలం మల్లెమొగ్గలు బుట్టలకు బుట్టలు దిగుతాయి కదా. మా పేటలో ఆడపిల్లలకు జడ పొడుగునా మొగ్గలు కుట్టించి, ఫోటో స్టూడియోకు తీసుకెళ్ళేవాళ్ళు. వెనకాల నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా రెండూ పడేలా ఫోటో తీస్తారు. అవ్వ వదినకు కుట్టించింది. తన పెట్టెలోంచి మేనత్త చిన్నప్పటి జడగంటలు తీసి కట్టింది. నాకూ కుట్టించమని ఏడ్చాను. పూలు కుట్టే ఆమె నా జడ ఎత్తి చూసి, "దీనికి నాలుగు మొగ్గలు చాలప్పా," అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అందరిలోకీ అవ్వ నవ్వడం నాకు గుచ్చుకుంది.

స్టూడియోలో వదినకు గొడుగు లైట్లు పెట్టి ఫోటో తీశారు. నన్ను మాత్రం "కొంచెం పక్కకు జరుగు పాపా, అద్దంలో పడతాండావు," అన్నారు.

ఆ మరుసటి శుక్రవారం నేను ఆరు చెంబులు తలమీద పోశాను. ఆఖరి నాలుగూ వదిన వీపుమీద పోశాను. సీగెకాయ మంటకు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఒంటిమీద నీళ్ళు పడుతున్నాయి, అంతే ఆమెకు తెలిసింది. సాంబ్రాణికి నిప్పులు తీయడానికి వంటింట్లోకి వెళ్ళిన అవ్వకు నీళ్ళ చప్పుడు వినిపించింది. పదీ లెక్క సరిపోయింది.

"పోసినావామ్మీ?"

"పోసినానవ్వా."

ఎందుకు చేశానంటే, ఏమో. ఆమె తల నుంచి ఏదో ఒకటి తగ్గించాలి. జడ తగ్గించలేను. నాలుగు చెంబుల నీళ్ళు తగ్గించాను.

తుడిచేటప్పుడు అవ్వ వేళ్ళకు గరగర తగిలింది. "ఈసారి సీగెకాయి సరిగ్గా జల్లించలేదు," అని పొడి కొట్టిచ్చిన ఆమెను తిట్టింది. మూడో రోజుకు వదిన తల గోక్కోవడం మొదలుపెట్టింది.

మొదట అది మల్లెమొగ్గల తప్పయింది. మొగ్గల్లో చీమ దూరి ఉంటుందన్నారు. తర్వాత జడ బిగించి వేశారన్నారు. రెండో వారం అమ్మ ఆమెను ఎండలో కూర్చోబెట్టి, ఒళ్ళో నాయన తెల్ల పంచె పరిచి, పేల దువ్వెనతో గంటసేపు దువ్వింది. పంచెమీద ఒక్క పేను పడలేదు. పాయ తీసి చూస్తే పొట్టు కూడా లేదు. చుండ్రును మేం పొట్టు అనేవాళ్ళం. దువ్వెన నా తలమీదికి తిప్పితే మాత్రం రెండు పేలు పడ్డాయి. ఎంత అవమానం! దురద ఆమెకు, పేలు నాకు.

"పేను లేదు, పొట్టు లేదు. అయితే ఇది వేడి," అని తేల్చింది అవ్వ.

వేడికి మెంతులు నానేసి రుబ్బి పట్టించారు. కడిగింది ఎవరు? నేనే. మెంతి జిగురు ఆరు చెంబులకు పోతుందా? ఆ వారం వదిన తల అతుక్కుపోయి పిడకలాగా అయింది. మెంతులు పడలేదేమోనని పైవారం పుల్ల మజ్జిగ పోశారు. మజ్జిగ తలలో మిగిలితే ఎలా ఉంటుందో నేను చెప్పగలను, ఎందుకంటే ఆమె పక్కన పడుకునేది నేనే. పెరుగు కుండ పక్కన పడుకున్నట్టే. ఆ తర్వాత వేపాకు ముద్ద. ఒక్కో మందూ ఒక్కో శుక్రవారం, ఒక్కో శుక్రవారమూ నా చెంబు. మందు మారుతుంది, దురద పెరుగుతుంది.

నేను అనుకున్నది ఒకటి, అయింది ఒకటి. దురదతో జుట్టు చెడి, అవ్వకు విసుగొచ్చి, ఆమె ఒడి ఖాళీ అవుతుందనుకున్నాను. ఎక్కడ? వదిన చెయ్యి తలమీదికి పోతే చాలు, అవ్వ రాట్నం ఆపేది. "గోరు పెట్టొద్దమ్మా, పుండైతాది. నేను రాస్తా రా." ఇదివరకు శుక్రవారమే. ఇప్పుడు పూటపూటా. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ పిల్ల తల అవ్వ ఒళ్ళో, అవ్వ వేళ్ళు ఆ పిల్ల తలలో. ఎదురుగా గడపమీద నేను, కళ్ళల్లో నిప్పులు పోసుకుని.

ఒకరోజు నేనూ గోక్కున్నాను. "అవ్వా, నాకూ నవ పెడతాంది," అన్నాను. "నీకు పేలుండాయి, మీ అమ్మ దగ్గరికి పో," అంది.

ఆరో వారం తర్వాత అవ్వ రాట్నం పక్కకు పెట్టి, మా అమ్మానాన్నలను పిలిచింది. నేను గడప దగ్గరే ఉన్నాను.

"పేను లేదు. పొట్టు లేదు. చెయ్యని మందు లేదు. అయినా తగ్గలేదంటే ఏమనుకోవాల?" అంది. "నా బిడ్డ జబ్బులో ఉన్నప్పుడు దేవరకు మొక్కుకునింది. లేచి తిరిగితే తల ఇస్తానని. లేవనేలేదు, ఇయ్యనేలేదు. దాని వెంట్రుకలే కదా ఇవి? దేవర అడుగుతా ఉండాది. అందుకే నవ."

"ఆడపిల్ల కదమ్మా," అన్నాడు నాయన.

"ఈడు రాకముందే ఇచ్చేయాల. వచ్చినాంక ఇంకా కష్టం." చెబుతూ అవ్వ వదిన జడను చేతికి చుట్టుకునే ఉంది. "నాకు మాత్రం ఇష్టమా అప్పా?"

ఆ సాయంత్రమే పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టారు.

జడ కొంచెం చెడాలనుకున్నానే గానీ, పోవాలని అనుకోలేదు. అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం అనుకున్నాను. గుండుతో ఆమె ఎలా ఉంటుందో ఊహించుకుని లోపల నవ్వుకున్నాను కూడా. తర్వాత భయం పట్టుకుంది. దేవర అడగలేదని నాకొక్కదానికే తెలుసు.

అందుకని వచ్చిన శుక్రవారం దిద్దుకుందామనుకున్నాను. వదిన తలమీద పది కాదు, ఇరవై చెంబులు పోశాను. పాయ పాయ విడదీసి, మాడు తెల్లగా కనబడేదాకా పోశాను. హండా అడుగు తగిలింది. తొట్టిలో చన్నీళ్ళు కూడా తెచ్చి పోశాను. "చాలు అప్పా, చలి పెడతాంది," అని ఆమె వణికింది. "ఇంకొంచెం, ఇంకొంచెం," అని నేను.

సోమవారానికి దురద లేదు.

నేను గెలిచాననుకున్నాను. అవ్వ వదిన తలను రెండు చేతులా పట్టుకుని, ఆనందంతో ఏడుస్తూ దేవుడి గూటివైపు తిరిగి దండం పెట్టింది. "చూస్తిరా! ముడుపు కట్టినామో లేదో, చేత్తో తీసినట్టు పోయె. దేవరదే! ఇంక ఆలస్యం చెయ్యకూడదు."

నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ చింతపండు పిసుకుతోంది.

"అమ్మా, నవ తగ్గింది కదా. ఇంక గుండెందుకు?"

"తగ్గింది కాబట్టేనే."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే కూడా ఇయ్యాల్సిందే. ఏం మాటలే ఇవి? దేవర పనికి అడ్డం మాట్లాడొద్దు, నోరు కడుక్కో పో."

కుళాయి దగ్గరికి పోయి నిజంగానే నోరు కడుక్కున్నాను. చెప్పాల్సింది ఒక్క మాట. నీళ్ళు నేను సరిగ్గా పోయలేదు అనాలి. ఆ మాట గొంతుదాకా వచ్చేది, వదినను చూడగానే వెనక్కి పోయేది.

ఆ పై బుధవారం బస్సెక్కాం. మా కులదైవం గుడి హొసకోటె దాటి చాలా దూరం పోవాలి. కిటికీ పక్క సీటు కూడా వదినకే ఇచ్చారు. ఈసారి నేను అడగలేదు. ఆమె జడ ముందుకు వేసుకుని చేత్తో నిమురుకుంటూ కూర్చుంది.

"గుండు నాకు బాగుంటాదా?" అని అడిగింది నన్ను.

"బాగుంటాది."

"ఏడవకూడదనుకున్నా. మా అమ్మ మొక్కు కదా. నేను తీర్చకపోతే ఇంకెవరు తీరుస్తారు?"

పదకొండేళ్ళ పిల్ల అలా మాట్లాడితే పక్కన కూర్చున్నవాళ్ళ గతేమిటి? అంత మంచితనం కూడా ఆమెకే ఇచ్చాడు దేవుడు. నాకు వాంతి వస్తుందని నాయనతో చెప్పాను. ఆయన వీపు నిమిరి, "ఏమ్మా, ఏమన్నా చెప్పాలా?" అన్నాడు. ఎందుకలా అడిగాడో తెలియదు. లేదని తల ఊపాను.

మంగలి నీళ్ళు చల్లి తల తడిపాడు. అవ్వ ఎదురుగా కూర్చుని కొంగు పట్టింది. దేవుడికిచ్చేది నేల తగలకూడదని. మొదట జడను అలాగే కోసి ఆమె కొంగులో వేశాడు. అవ్వ వేళ్ళు దాని మీదికి పోయాయి. కొస నుంచి మొదలుదాకా ఒకసారి రాసుకుంటూ వెళ్ళాయి. మళ్ళీ రాయలేదు. పళ్ళెంలో పెట్టి, "తీసుకో స్వామీ," అని లేచి, స్తంభం వైపు తిరిగి నిలబడింది. పదహారు మూరల చీరలో ఆమె వీపు చిన్నపిల్లలాగా కదిలింది. నేను చూస్తూనే ఉన్నాను.

అయ్యో పాపం అని ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నా సంగతి నాకు తెలుసు. ఇల్లు చేరిన రోజు నుంచి ఆ గుండుకు గంధం. గంధం ఆరితే వెన్న. ఎండలోకి పోకుండా పట్టు గుడ్డ. సందులో వాళ్ళందరూ వచ్చి, "ఎంత బుద్ధిమంతురాలు, అమ్మ మొక్కు తీర్చింది," అని గుండు తడిమి వెళ్ళేవాళ్ళు. తెచ్చిన పళ్ళు ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. నేను ఆ గుండును చూసి కూడా కుళ్ళుకున్నాను. జుట్టుంటే జుట్టుకు, లేకపోతే లేనిదానికి.

దసరా నాటికి ఆమె జుట్టు వేలెడు పెరిగింది. అది రింగులు తిరిగి, మొద్దుగా, మామ జుట్టులా వచ్చింది. గుండు చేయిస్తే జుట్టు మారదని ఇప్పుడు చదువుకున్నవాళ్ళంటారు. ఈడు వచ్చే వయసు కాబట్టి మారిందేమో. అవ్వకు ఈ లెక్కలు తెలియవు. ఒక మధ్యాహ్నం వదిన తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ, వేళ్ళు ఆపేసింది. రెండు వెంట్రుకలు వేళ్ళ మధ్య రాసింది.

"వేరేదప్పా," అంది మెల్లగా, పట్టు కట్ట చూసినట్టే. "ఇది వేరేది."

అప్పుడు తెలిసింది నాకు, నేను ఎవరిది తీసేశానో. వదినకు జుట్టు మళ్ళీ వస్తుంది. అవ్వకు పోయిన కూతురు చేతికి తగిలే చోటు అదొక్కటే ఉండింది.

ఆ పై శుక్రవారం అవ్వ నన్ను పిలిచింది. "రామ్మీ, నీకు తలంటి ఎన్నాళ్ళాయెనో." ఏడు నెలలుగా నేను కాచుకున్న పిలుపు అది. పీటమీద కూర్చున్నాను. వెచ్చటి ఆముదం, సీగెకాయ, చెవుల వెనక వేళ్ళు. అన్నీ అవే. కళ్ళు మూసుకుంటే నిద్ర రావాలి. రాలేదు. ఆమె వేళ్ళు పనిలాగా తిరుగుతున్నాయి. వదిన తలలో తిరిగిన తీరు నేను గడపమీద కూర్చుని అన్నాళ్ళు చూసినదాన్ని, నాకు తేడా తెలియకుండా ఉంటుందా?

నాకు ఏడుపొచ్చింది. చెప్పేశాను. "అవ్వా, దేవర కాదు. నేను. ఆఖరి నాలుగు చెంబులూ తలమీద పోయలేదు. వీపుమీద పోసినా."

వేళ్ళు ఆగిపోయాయి.

"ఎన్ని వారాలు?"

"ఆరు."

అవ్వ తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే ఈ కథ అప్పుడే మరిచిపోయేదాన్నేమో. నడుము పట్టుకుని లేచింది. తానే హండాలో ముంచి, ఆరు చెంబులు పోసింది. తర్వాత పాయ తీసి, నెమ్మదిగా, మాడుమీద ఇంకో నాలుగు పోసింది. ఒక్కో చెంబుకూ ఆమె ఆయాసం నాకు వినిపిస్తోంది.

"పో. తుడుచుకో," అంది.

ఆ తర్వాత ఆమె నీళ్ళ గదిలోకి రాలేదు. అమ్మతో అంది: "ఆ గరగర నా చేతికి తగిల్నే తగిలె. పొడిని తిడితిని గానీ, తలలో సీగెకాయి మిగిలిందని తెలుసుకోలేకపోతిని. నా చేతులకు తెలివి పోయింది. ఇంక ఇద్దరినీ నువ్వే చూసుకో." నా పేరు ఎత్తలేదు. పట్టు చూడమని ఎవరైనా పోగు తెస్తే కూడా, నాకు తెలీదప్పా అని పంపించేసేది. ఆ మరుసటి ఏడు సంక్రాంతి లోపలే పోయింది.

ఇవన్నీ వదినకు తెలియవు. అవ్వకు వయసైపోయి తలంటడం మానేసిందని ఆమె అనుకుంటుంది. డాక్టరు చెప్పినట్టు డై మానేసి, ట్యాంకర్ నీళ్ళు కాకుండా తాగే నీళ్ళు రెండు చెంబులు పక్కన పెట్టుకుని తల కడుక్కుంటున్నాను. దురద చాలావరకు తగ్గింది. నెత్తిమీద అరంగుళం తెల్లగా, కింద కాకి నలుపు. చూసిన ప్రతివాళ్ళూ నవ్వుతున్నారు.

మొన్న నా దురద సంగతి తెలిసి వదిన ఫోన్ చేసింది. "నేను వచ్చి తలంటనా? అవ్వ నాకు ఎట్ల తలంటేదో నాకు ఇంకా జ్ఞాపకముండాది. ఆ ఎండాకాలం ఎంత బాగుండేదో కదా?" అంది. ఆమెకు ఆ ఎండాకాలం దురద జ్ఞాపకం లేదు, గుండు జ్ఞాపకం లేదు. అవ్వ వేళ్ళు జ్ఞాపకమున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా నా ఒళ్ళు మండింది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఏమంటుందో నాకు తెలుసు. "పోనీలేప్పా, చిన్నపిల్లవి," అంటుంది. నిజంగానే క్షమించేస్తుంది, మనసులో కూడా ఏమీ ఉంచుకోదు. ఆ మంచి పేరు కూడా ఆమెకే పోతుంది.

అందుకే చెప్పలేదు. రావద్దని మాత్రం చెప్పాను.